రోమన్ అని రాయించమంది

మీలో చాలామంది ఈ దేశం వచ్చిన మొదటి నెలలోనే ఏదో ఒక కౌంటర్ దగ్గర ఇంకొకరికి నోరుగా నిలబడి ఉంటారు. కొత్తగా దిగిన రూమ్మేట్‌కి బ్యాంకులో, జ్వరం వచ్చిన స్నేహితుడికి క్లినిక్‌లో. వాళ్లు తెలుగులో చెబుతారు, మీరు ఇంగ్లీషులో చెబుతారు. అది చిన్న సాయమనే అనుకుంటాం. నేనూ అనుకున్నాను. ఆ సాయం చేస్తూ నేను చేసిన ఒక పని గురించి చెబుతాను. మంచి పని కాదు.

నాది కెనడాలో, సార్నియా అనే ఊళ్లో ఆసుపత్రి నేలలు తుడిచే ఉద్యోగం. పద్నాలుగేళ్లు చేశాను. మా ఆయన వెల్డరు. గల్ఫ్‌లో చేసి, అక్కణ్నుంచి ఇక్కడి కెమికల్ ప్లాంట్లలో పనికి వచ్చాడు. ఆయన వెనక నేను వచ్చాను. తెలుగు అక్షరాలు నేను నలభై ఒకటో ఏట, మా ఊరి చర్చిలో ఆడవాళ్లకి మధ్యాహ్నం పెట్టిన బడిలో దిద్దాను. ఇంగ్లీషు అక్షరాలు యాభై దాటాక ఈ ఆసుపత్రిలో నేర్చుకున్నాను. నేర్పింది నాతో జోడీగా పనిచేసిన ఒక ఇటలీ వాళ్ల ఆడపడుచు. నాకంటే ఆరేడేళ్లు పెద్దది, నాకంటే వేగంగా తుడిచేది.

ఆసుపత్రిలో పాత భాగం ఒకటి ఉంది. ఒకప్పుడు కన్యాస్త్రీలు నడిపిన రోజుల్లో కట్టింది. అక్కడి ప్రార్థన గది బయట గోడకి పెద్ద గడియారం. అంకెలుండాల్సిన చోట పుల్లలు, ఇంటూ గుర్తులు. నాలుగు దగ్గర నాలుగు పుల్లలు నిలబెట్టి ఉంటాయి.

"దీనికి అంకెలేవి?" అని అడిగాను ఆమెని ఒకరోజు.

"అవే అంకెలు. రోమన్‌వి. నిజానికి అంకెలు కూడా కావు, అక్షరాలు. నువ్వు చూసి బెదిరిపోతున్న ఏబీసీడీలన్నీ రోమన్‌వే. ఇంగ్లీషువాళ్లు ఎత్తుకొచ్చుకున్నారు. నువ్వూ ఎత్తుకుపో, ఎవరూ అడగరు."

"నువ్వూ రోమన్‌వేనా?"

"గుడికి రోమన్‌ని. పుట్టుకకి కాదు. మా తాతది రోముకి చాలా కింద, దక్షిణాన ఒక పల్లె. మేం రోములో దిగితే మా మాట విని మూతి తిప్పుకుంటారు." అని, తడి నేల బోర్డు ముందుకి తోసి నవ్వింది.

అలా ఆ గడియారం మీది ఐ, వీ, ఎక్స్‌లతో నా ఇంగ్లీషు మొదలైంది. కానీ అంతకు చాలా ముందే, చదువు రాకముందే, నాకు మూడు ఇంగ్లీషు అక్షరాలు బొమ్మల్లా గుర్తు. ఆర్, సి, ఎమ్. మా ఊళ్లో రోడ్డుకి అవతల రోమన్ కేథలిక్ మిషన్ వాళ్ల గుడి కమాను మీద నీలంరంగుతో రాసి ఉండేవి. "ఆ మూడక్షరాల కింద నుంచి నడిచారో, కాళ్లు విరగ్గొడతా" అనేవాడు మా నాన్న. మేం ప్రొటెస్టెంట్లం. రోమన్ అంటే మా ఇంట్లో ఒకటే అర్థం, రోడ్డు అవతలి వాళ్లు. బొమ్మలకి మొక్కేవాళ్లు, నూనె రాస్తే పాపం పోతుందనుకునే వాళ్లు.

నిజానికి ఆ రోడ్డుకి రెండు వైపులా ఉన్నది ఒకే పేట. ఒకే రైతు పొలంలో కూలికి వెళ్లేవాళ్లం. ఊరివాళ్లు మా ఇద్దర్నీ ఒకే దూరంలో నిలబెట్టి, ఒకే ఎత్తునుంచి దోసిట్లో నీళ్లు పోసేవాళ్లు. అది చాలనట్టు మేం ఒకరినొకరం దూరం పెట్టుకున్నాం. మా అక్క కమాను అవతలి అబ్బాయిని చేసుకుంటే, ఆమె పెళ్లిరోజున మా నాన్న మా అందర్నీ నాట్లకి తీసుకెళ్లాడు. ఎండలో వంగి నాట్లు వేస్తుంటే గుడి గంట వినపడింది. ఎవరమూ తలెత్తలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నేను చేసిన పని నా చేతిలోకి ఎక్కణ్నుంచి వచ్చిందో మీకు తెలియాలి.

నేను ఆసుపత్రిలో చేరిన కొన్నేళ్లకి మీలాంటి చదువుకునే పిల్లలు వచ్చారు. అంతకుముందు మా టౌన్‌లో తెలుగు మాట వినాలంటే మేం మేం మాట్లాడుకోవాల్సిందే. అలాంటిది ఒక సెప్టెంబరులో చూస్తే కాలేజీ బస్టాపు నిండా మన పిల్లలే. ఒక్కో బేస్‌మెంట్‌లో ఆరుగురు, ఎనిమిదిమంది. గంటకో బస్సు ఉండే ఊరు మాది. కారు లేకపోతే కాళ్లు లేనట్టే. మా ఆయన పాత వ్యాన్‌లో ఆదివారాలు పిల్లల్ని ఎక్కించుకొచ్చేవాడు. మా ఇంట్లో ప్రార్థన, తరవాత భోజనం. నెలకోసారి లండన్ నుంచి పాస్టరుగారు వచ్చేవారు. లండన్ అంటే ఇంగ్లండుది కాదు, మాకు గంట దూరంలో ఉన్న ఊరు.

అలా వచ్చిన పిల్లే ఆమె. ఇరవై రెండేళ్లు. కృష్ణా జిల్లా పల్లెటూరు. కాఫీ షాపులో పని, కాలేజీలో చదువు. మొదటిరోజే గుమ్మంలో చెప్పులు విప్పుతూ, "ఆంటీ, నేను ఆర్‌సీఎం అండీ. రానిస్తారా?" అంది.

"రాక చస్తావా, చలికి. రా లోపలికి" అన్నాను.

నాలుగు ఆదివారాల్లో ఇంట్లో పిల్లయిపోయింది. "మీ దగ్గర బొమ్మలు లేకపోతే లేకపోయాయి గానీ బిర్యానీ ఉంది ఆంటీ, దేవుడు సరిచేస్తాడు" అనేది. నేను జపమాల గురించి ఏదైనా అంటే, "మేం మరియమ్మనడుగుతాం, మీరు పాస్టరమ్మ గారినడుగుతారు, అంతేగా తేడా" అని నా నోరు మూయించేది. ఫోన్లో తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి పంపేది. నాకు తెలుగు అక్షరాల్లో తెలుగొచ్చు, ఇంగ్లీషు అక్షరాల్లో ఇంగ్లీషు కాస్త వచ్చు. ఈ రెండూ కలిస్తే చేతులెత్తేసేదాన్ని. నా పక్కన కూర్చుని వేలు పెట్టించి నేర్పింది. మొదటి మాట అమ్మ.

ఆమె వరసగా మా ప్రార్థనకి వస్తుంటే నాకు లోపల ఒక గర్వం. కమాను ఇవతలికి ఒకరిని తెచ్చానని. ఈ మాట ఎవరితోనూ అనలేదు. పాస్టరుగారితో మాత్రం, "ఆ పిల్ల మారుతోందండీ" అన్నాను. ఆ పిల్ల ఎక్కడా మారలేదు. స్వెటర్ లోపల జపమాల ఎప్పుడూ ఉంది.

మన పిల్లలు పెరిగాక ఆసుపత్రిలో నా పని కూడా కొంచెం మారింది. వీళ్లంతా ఇంగ్లీషు వచ్చినవాళ్లే. కానీ జ్వరం నూటనాలుగు దాటితే, నొప్పి మెలిపెడితే, ఇంగ్లీషు ముందు పోతుంది. ఫోన్‌లో దుబాసీని ఇచ్చే లైన్ ఉంది, తెలుగుకి దొరకాలంటే చాలాసేపు పట్టేది. అందుకని నర్సులు కారిడార్‌లోకి తలపెట్టి నన్ను పిలిచేవాళ్లు. అది రూలు ప్రకారం తప్పు. అయినా పిలిచేవాళ్లు, నేను వెళ్లేదాన్ని. మాప్ గోడకి ఆనించి, గ్లవ్స్ తీసి, చేతులు కడుక్కుని, మంచం పక్కన నర్సుతో సమానంగా నిలబడటం నాకు ఎంత బాగుండేదో చెప్పలేను. వేలిముద్ర వేసి రేషన్ తెచ్చుకున్నదాన్ని.

ఆరోజు గురువారం. పొద్దున్న ఎనిమిది కాకముందే ఎమర్జెన్సీకి రమ్మన్నారు. కర్టెన్ తీస్తే ఆ పిల్ల. కడుపు పట్టుకుని ముడుచుకుని ఉంది. నాలుగు రోజులుగా నొప్పట. మాత్రలు మింగుతూ షిఫ్టులకి వెళ్లిందట. లోపల అపెండిక్స్ పగిలి విషం ఒళ్లంతా పాకిందని తరవాత తెలిసింది.

"ఎందుకు రాలేదే ముందు, పిచ్చిపిల్లా?"

"షిఫ్ట్ ఇంకొకళ్లకి ఇచ్చేస్తారని ఆంటీ..."

నర్సు వరసగా అడుగుతోంది. ఎప్పుడు మొదలైంది, ఏం తిన్నావు, ఏ మందులు పడవు. నేను అటూ ఇటూ చెబుతున్నాను. చివర్లో, "రిలీజియన్?" అంది. నేను తెలుగులో అడిగాను, జవాబు నాకు తెలిసే అడిగాను.

ఆ పిల్ల కళ్లు తెరిచి నా వైపు చూసింది. "ఆర్‌సీఎం అని చెప్పండి ఆంటీ. వీళ్లకి ఆర్‌సీఎం అంటే తెలీదేమో, రోమన్ అని రాయించండి. ఫాదర్‌ని పిలవమనండి. ఆపరేషన్‌కి ముందు."

నర్సు పెన్ను కాగితం మీద నిలిచి ఉంది. అక్కడ వరసగా గళ్లు. వాటిలో ఒక గడి పక్కన ఆర్, సి. ఇంగ్లీషులో ఇంకేదీ చదవలేకపోయినా అవి చదవగలను.

"క్రిస్టియన్" అన్నాను.

"కేథలిక్కా?"

"నో. క్రిస్టియన్."

పెన్ను ఆ గడి దాటి కిందికి దిగి టిక్కు పెట్టింది. ఆ పిల్లకి ఆ మాటలు వినపడేంత తెలివి లేదు. వినపడలేదనే నా నమ్మకం. ఇప్పటికీ పూర్తిగా చెప్పలేను.

ఆ క్షణంలో నాకు అది అబద్ధమనిపించలేదు. మా ఇంటికి వస్తోంది, మా పాటలు పాడుతోంది, క్రిస్టియన్ కాక ఏమిటి అనుకున్నాను. పాస్టరుగారికి ఫోన్ చేశాను. రేపు మధ్యాహ్నం వస్తానన్నారు. నూనె కంటే ప్రార్థన మేలని నాకు నేనే చెప్పుకున్నాను. రోమన్ వాళ్లకి ఆ నూనె ఏమిటో మీలో తెలియనివాళ్లకి చెబుతాను. ప్రాణం మీదికి వచ్చినవాళ్ల నుదుటికీ అరచేతులకీ ఫాదర్ నూనె రాసి ప్రార్థిస్తాడు. అవస్థ అభ్యంగనం అంటారు. అది అందకుండా పోవడమంటే వాళ్లకి ఎంత భయమో నాకు తెలుసు. మా అక్క అత్తగారు పోయేటప్పుడు ఫాదర్ కోసం పడవలో మనిషిని పంపడం నేను చూశాను.

ఆపరేషన్ అయింది. ఐసీయూకి తెచ్చారు. మర్నాడు శుక్రవారం నాకు ఆ అంతస్తులోనే డ్యూటీ. తొమ్మిదింటికి ఆమె గది తుడవడానికి వెళ్లాను. ముక్కుకి ఆక్సిజన్, రెండు చేతులకీ సూదులు. పెదాలు పగిలి తెల్లగా ఉన్నాయి. నీళ్లివ్వకూడదు, తడి స్పాంజి పుల్లతో పెదాలు తడపొచ్చని నర్సు చెప్పింది. తడిపాను. నాలుక చాచి ఆ తడిని అందుకుంది.

"ఆంటీ, ఫాదర్ వచ్చారా?"

"వస్తారు తల్లీ."

"రోమన్ అని రాయించారుగా?"

"రాయించాను. పడుకో."

చెయ్యి చాపి నా చిటికెనవేలు పట్టుకుంది. పట్టు లేదు. అలాగే నిద్రలోకి జారింది. నేను వేలు విడిపించుకుని కారిడార్ తుడవడానికి వెళ్లాను.

పదింటప్పుడు లిఫ్ట్ తలుపు తెరుచుకుని ఫాదర్ దిగాడు. పొడుగాటి ముసలాయన, ఆసుపత్రి అంతా ఆయన్ని ఎరుగును. మంగళవారం, శుక్రవారం వచ్చేవాడు. చేతిలో ఆనాటి పేర్ల కాగితం. ఆర్.సి. గడిలో టిక్కు ఉన్నవాళ్ల పేర్లు మాత్రమే అందులో ఉంటాయి. ఐసీయూలో ఒక ముసలాయన్ని చూసి బయటికి వచ్చాడు. ఆ పిల్ల గది తలుపు దగ్గర నేను తుడుస్తున్నాను. ఆగాడు. అద్దంలోంచి లోపలికి చూశాడు.

"చిన్నపిల్ల. ఇండియానా?"

"యెస్ ఫాదర్."

"మీవైపు మావాళ్లు చాలామంది ఉంటారు. ఈమె కూడానా?"

ఒక్క మాట. అవును అంటే చాలు. కాగితంలో పేరు లేకపోయినా లోపలికి వెళ్లేవాడు. నూనె సీసా ఆయన జేబులోనే ఉంది. నా తలలో ఏం తిరిగిందో నిజంగా చెబుతాను. దేవుడు కాదు. నర్సు. నిన్న నో అన్నదాన్ని ఇవాళ యెస్ అంటే, ఇకమీదట నన్ను మంచం పక్కకి పిలవదు. దాని కింద ఇంకా లోతున మా నాన్న గొంతు ఉంది. కానీ పైనున్నది నర్సే.

"నో ఫాదర్. ఫ్లోర్ వెట్. జాగ్రత్త."

ఆయన థాంక్యూ చెప్పి, పసుపు బోర్డు పక్కనుంచి తప్పుకుని వెళ్లిపోయాడు.

పదకొండున్నరకి ఆ గదిలో అలారం మోగింది. డాక్టర్లు పరుగెత్తారు. నేను తోపుడుబండిని గోడకి లాక్కుని నిలబడ్డాను. పన్నెండు కాకముందే, ఇక లాభం లేదని ఆపేశారు. పాస్టరుగారు ఒంటిగంట దాటాక వచ్చారు. హైవే మీద యాక్సిడెంట్ అయి ట్రాఫిక్ ఆగిందట. ఆయన్ని అనడానికి ఏమీ లేదు. ఆయన్ని పిలవమని ఆ పిల్ల అడగనేలేదు.

వస్తువులు సంచిలో పెట్టడానికి నా జోడీదారు వచ్చింది. దిండు కింద జపమాల దొరికింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఈ పిల్ల మాది. పొద్దున్న ఫాదర్ ఇక్కడే ఉన్నాడు. కాగితంలో ఎందుకు లేదు? ఎవరు రాశారు ఆ ఫారం?"

నేను చెత్త సంచి మూతి కడుతున్నాను. కట్టిందే కడుతున్నాను. ఫారం అలా రాయించింది ఎవరో నా వీపు చూస్తేనే ఆమెకి తెలిసిపోయింది.

"ఆమె నీకు చెప్పలేదా?"

"చెప్పింది."

"చెప్పిందా?" అని, జపమాల సంచిలో పెట్టి, "నిన్న నీ నోరు నీది కాదు. ఆ పిల్లది" అంది. అంతే. తరవాత రెండు నెలలపాటు అసలు ఏ మాటా అనలేదు. ఆ గదిలో నిలబడి, ఫాదర్‌ని ఇప్పుడైనా పిలుద్దామా అని నాకు తోచింది. పిలిస్తే, పొద్దున్న నో అన్నదాన్ని ఆయన ముందు నిలబడాలి. పిలవలేదు.

ఇంకా ఒక పని మిగిలింది. ఇంటికి చెప్పాలి. డాక్టరు చెబుతాడు, నేను తెలుగు చెయ్యాలి. చిన్న గదిలో ఫోన్ స్పీకర్లో పెట్టారు. అక్కడ పొద్దుపోయింది, అయినా మొదటి రింగుకే ఎత్తింది వాళ్లమ్మ. డాక్టరు మాట నేను చెప్పాను. అవతల ఒక అరుపు, తరవాత ఏవో గిన్నెలు పడ్డ చప్పుడు, ఎవరివో గొంతులు. చాలాసేపటికి ఆమె మళ్లీ ఫోన్ దగ్గరికి వచ్చింది.

"అమ్మా, నువ్వెవరో నాకు తెలీదు. మనూరిదానిలా ఉన్నావు. ఒక్కటి చెప్పు. ఫాదర్ గారొచ్చారా? నా బిడ్డకి అభ్యంగనం అందిందా?"

డాక్టరు నా వైపు చూస్తున్నాడు. నర్సు చూస్తోంది.

"అందిందమ్మా" అన్నాను. "పొద్దున్నే వచ్చారు."

అవతల ఏడుపులో ఒక మార్పు వచ్చింది. ఏడుపు ఆగలేదు. కానీ కాలు మోపడానికి చోటు దొరికినట్టయింది. "దేవుడా, నీకు స్తోత్రం" అంది.

"ఏమడిగింది?" అన్నాడు డాక్టరు.

"నొప్పి పడిందా అని అడిగింది. లేదన్నాను."

రెండు వైపులా అబద్ధం చెప్పి ఆ గదిలోంచి బయటికి వచ్చాను. కష్టసమయంలో కుటుంబానికి తోడు నిలిచినందుకు ఆ నెల స్టాఫ్ భోజనాల్లో నాకు ఒక కార్డు ఇచ్చి చప్పట్లు కొట్టారు. నా జోడీదారు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మళ్లీ నేను ఎవరికీ తెలుగు చెయ్యలేదు. నర్సులు పిలిస్తే, "ఫోన్ లైన్‌కి చెయ్యండి, నాకు ఇంగ్లీషు చాలదు" అనేదాన్ని. వినయమనుకున్నారు.

ఏడాదికి వాళ్లమ్మ నాకు ఫొటో పంపింది. వాళ్ల ఊళ్లో నల్లరాయి సమాధి, తెలుగు అక్షరాలు చెక్కి ఉన్నాయి. నేను ఇప్పటికీ వేలు పెట్టుకునే చదువుతాను. ఫోన్ అద్దం మీద వేలు పెట్టి ఒక్కో అక్షరం చదువుకుంటూ వెళ్లాను. పేరు. పుట్టిన తేదీ. పోయిన తేదీ. దాని కింద, "అవస్థ అభ్యంగనము పొంది ప్రభువునందు నిద్రించెను." ఎంత పెద్ద వయసులో, ఎంత కష్టపడి నేర్చుకున్నానో ఆ అక్షరాలు. నా అబద్ధం రాతి మీద చదవడానికి అక్కరకొచ్చాయి.

రిటైరయిన రోజు, లాకర్ తాళం ఇచ్చేసి ఇంటికొచ్చి, వాళ్లమ్మకి ఫోన్ చేశాను. మొత్తం చెప్పాను. గడి గురించి, ఫాదర్ తలుపు దగ్గర ఆగడం గురించి, తడి నేల గురించి.

"మీరు ప్రొటెస్టెంటులా?" అంది చివరికి.

"అవునమ్మా."

"మా ఆయనతో ఈ మాట అనొద్దు. ఎవరితోనూ అనొద్దు. రోజూ పొలానికి పోతా ఆ రాయి దగ్గర ఆగి, ఆ చివరి వరస చదువుకుని పోతాడు. అది లేకపోతే ఆయన లేడు."

అందుకే ఇందులో పిల్ల పేరు లేదు, ఊరు లేదు, సంవత్సరం లేదు. ఎవరితోనూ అనొద్దందామె. అయినా ఇంత వరకు రాశాను. మీరు రేపు ఏ మంచం పక్కనో నిలబడతారు. మంచంలోని మనిషి చెప్పమన్న మాట మీ నాన్న గొంతులోంచి, మీ గర్వంలోంచి దాటుకుని బయటికి రావాలి. మార్చకుండా రావాలి. వాళ్లమ్మ అనొద్దన్నది దాటినా, మీకు ఇది చెప్పకుండా పోవడం నా వల్ల కాలేదు.

ఫోన్ పెట్టేసే ముందు ఆమె ఇంకొకటి అడిగింది.

"దాని దగ్గర నువ్వున్నావా, పొద్దున?"

"ఉన్నానమ్మా."

"నోట్లో నీళ్లేమైనా పోశావా?"

"పోయకూడదన్నారు. పెదాలు తడిపాను. నా వేలు పట్టుకుని నిద్రపోయింది."

"ఇదైనా నిజమేనా?" అంది.

నిజమేనన్నాను. ఆమె ఫోన్ పెట్టేసింది.